సైట్ గ్లాసులో ఆయిల్ తగ్గింది: పోయాలా, వెతకాలా?

యంత్రశాల – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

జడ్చర్ల మందుల కంపెనీలు, చౌటుప్పల్ ఫ్యాక్టరీలు, మిర్యాలగూడ ఆసుపత్రి, పాలమూరు కోల్డ్ స్టోరేజీ... ఉత్తరం ఎక్కడి నుంచి వచ్చినా ఈసారి అడిగింది ఒక్కదాని గురించే: స్క్రూ చిల్లర్ ఆయిల్. (చిల్లర్ అంటే నీళ్లను చల్లబరిచే పెద్ద యంత్రం. అందులో గ్యాసును నొక్కే కంప్రెషర్ మర లాంటి రోటర్లతో పనిచేస్తే అది స్క్రూ చిల్లర్. ఆయిల్ మట్టం చూసే అద్దపు కిటికీయే సైట్ గ్లాసు.) అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాం. ఒకే రకం ప్రశ్నలను కలిపాం.

ప్రశ్న: మాది 200 టన్నుల (చల్లబరిచే సామర్థ్యం) వాటర్ కూల్డ్ చిల్లర్. ఆర్-134ఎ గ్యాస్ (చల్లబరిచేది ఇదే), ఫ్లడెడ్ ఎవాపరేటర్ (నీళ్ల గొట్టాలు ద్రవరూపంలోని గ్యాసులో మునిగి చల్లబడే భాగం). రెండు నెలల్లో రెండుసార్లు ‘ఆయిల్ లెవెల్ లో’ అని ట్రిప్ అయి ఆగింది. రెండుసార్లూ 4 లీటర్ల చొప్పున పోసినం. ఎక్కడా కారిన మరక లేదు. ఇప్పుడు లెవెల్ మళ్లీ గ్లాసు అడుక్కు వచ్చింది. మూడోసారి పోయాల్నా?
– చిల్లర్ ఆపరేటర్, జడ్చర్ల

జవాబు: ఇప్పుడే పోయకండి. బయటికి కారలేదంటే మీరు పోసిన 8 లీటర్లూ యంత్రంలోనే ఉన్నాయి. సెపరేటర్లో (గ్యాసు నుంచి ఆయిల్ను వేరుచేసే పాత్రలో) ఉండాల్సిన ఆయిల్ ఎవాపరేటర్లో చేరింది. సైట్ గ్లాసు చూపేది సెపరేటర్లో ఎంత నిలిచిందన్నది మాత్రమే. మొత్తం యంత్రంలో ఎంత ఉందో అది చెప్పదు. ఈ తేడా పట్టించుకోకపోవడం వల్లే చాలాచోట్ల ఎవాపరేటర్లు ఆయిల్ డ్రమ్ములవుతున్నాయి.

అసలు ఆయిల్ ఎక్కడెక్కడ తిరుగుతుందో చూద్దాం. స్క్రూ కంప్రెషర్లో ఆయిల్ నాలుగు పనులు చేస్తుంది. బేరింగులను తడుపుతుంది. రోటర్ల మధ్య, రోటర్లకూ కేసింగుకూ మధ్య ఉండే సన్నటి సందులను మూసి, నొక్కిన గ్యాస్ వెనక్కి జారకుండా ఆపుతుంది. నొక్కినప్పుడు పుట్టే వేడిలో కొంత తాను తీసుకుంటుంది. స్లైడ్ వాల్వును ముందుకూ వెనక్కూ తోసి లోడు మారుస్తుంది. ఇంత పని చేసి గ్యాసుతో కలిసే డిశ్చార్జి (నొక్కిన గ్యాస్ బయటికి పోయే దారి) నుంచి బయటికి వస్తుంది. సెపరేటర్ దాన్ని పట్టి కింద నిలుపుతుంది. ఎంత మంచి సెపరేటరైనా కొద్దిపాటి ఆయిల్ గ్యాసుతో పాటు, ఆ గ్యాసును ద్రవంగా మార్చే కండెన్సర్‌కూ, అక్కడి నుంచి ఎవాపరేటర్‌కూ పోతూనే ఉంటుంది. ఫ్లడెడ్ ఎవాపరేటర్లో గ్యాస్ ఒక్కటే ఆవిరై పైకి పోతుంది, ఆయిల్ ద్రవంలోనే మిగిలిపోతుంది. దాన్ని వెనక్కి తేవడానికి ఒక రిటర్న్ లైను ఉంటుంది. చాలా యంత్రాల్లో డిశ్చార్జి గ్యాస్ ఒత్తిడితో నడిచే ఎజెక్టర్ ఎవాపరేటర్లో ఆయిల్ ఎక్కువ కలిసిన ద్రవాన్ని పీల్చి కంప్రెషర్ వైపు తోస్తుంది. మీ యంత్రంలో తప్పు ఈ దారిలోనే ఉండే అవకాశం ఎక్కువ.

ఇలా వెతకండి. చిల్లర్ 75 శాతానికి పైన లోడు మీద నడుస్తున్నప్పుడు రిటర్న్ లైను పైపులు తాకి చూడండి. ఎజెక్టర్‌కు వచ్చే డిశ్చార్జి గ్యాస్ పైపు వేడిగా, ఎవాపరేటర్ నుంచి పీల్చే పైపు చల్లగా, రెండూ కలిసి వెళ్లే పైపు గోరువెచ్చగా ఉండాలి. (డిశ్చార్జి పైపు 70 డిగ్రీలు కూడా ఉండవచ్చు. చేత్తో కాకుండా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూస్తే మేలు.) పీల్చే పైపు గది వేడిలోనే ఉంటే అందులో ఏమీ కదలడం లేదన్నమాట. అప్పుడు మొదట ఆ లైనులోని ఫిల్టర్ మార్చండి. ఎక్కువసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది. తర్వాత సోలినాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వు) తెరుచుకుంటోందా, ఎజెక్టర్ నాజిల్‌కు చెత్త అడ్డం పడిందా అని చూడండి. ఎవాపరేటర్లో గ్యాస్ తక్కువై ద్రవ మట్టం పీల్చే రంధ్రం కిందికి దిగినా రిటర్న్ ఆగిపోతుంది. అలాంటప్పుడు ఎజెక్టర్ ఎంత బాగున్నా ఒట్టి ఆవిరినే పీలుస్తుంది.

రెండో అనుమానం లోడు. రాత్రి షిఫ్టులో పని తగ్గి చిల్లర్ గంటల తరబడి 25–30 శాతం మీదే నడుస్తోందా? కొన్ని యంత్రాల్లో అంత తక్కువ లోడులో ఎజెక్టర్‌కు కావాల్సిన ఒత్తిడి దొరకదు. రెండు చిల్లర్లను సగం సగం నడిపే బదులు ఒకదాన్ని ఆపి రెండోదాన్ని నిండుగా నడిపితే ఈ బాధ తప్పుతుంది.

మూడోది సెపరేటరే. లోపలి జాలీ చిరిగినా, పక్కకు జరిగినా ఆయిల్ ఎక్కువగా దాటిపోతుంది. కానీ దాన్ని విప్పడం పెద్ద పని. పైవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే ఆ పనికి దిగండి.

ఎవాపరేటర్లో ఆయిల్ చేరిందని తెలిపే మరో గుర్తు అప్రోచ్. అంటే బయటికి వచ్చే చల్లనీళ్ల ఉష్ణోగ్రతలోంచి, కంప్రెషర్ పీల్చే వైపు ఒత్తిడి అయిన సక్షన్ ప్రెషర్‌కు సరిపడే ఉష్ణోగ్రతను తీసేస్తే మిగిలేది. కొత్తలో నీళ్లు 7 డిగ్రీలు, గ్యాస్ 5 డిగ్రీలు ఉంటే అప్రోచ్ 2. ఇప్పుడు నీళ్లు అదే 7కు రావడానికి గ్యాస్ 2కు దిగాల్సి వస్తుంటే అప్రోచ్ 5. గొట్టాలకు సున్నం పట్టినా, నీళ్ల ఫ్లో తగ్గినా, గ్యాస్ తక్కువైనా అప్రోచ్ ఇలాగే పెరుగుతుంది. కాబట్టి ఇదొక్కటే చూసి తేల్చకండి. నిక్కచ్చిగా తెలియాలంటే ఎవాపరేటర్ అడుగు నుంచి తూకం తెలిసిన చిన్న సిలిండర్లోకి కొంత ద్రవం తీయించండి. గ్యాసును రికవరీ యంత్రంతో లాగేశాక సిలిండర్లో మిగిలిన ఆయిల్ తూకం వేయండి. మొత్తం ద్రవంలో అది ఎన్నో వంతో తేలిపోతుంది.

దీనివల్ల నష్టం ఎంత? గ్యాస్ 5 డిగ్రీల నుంచి 2కు దిగితే కంప్రెషర్ పీల్చే ఆవిరి సుమారు 10 శాతం పలచబడుతుంది, ఆ మేరకు టన్నులు తగ్గుతాయి. కరెంటు సంగతి చూస్తే, డిగ్రీకి 2–3 శాతం చొప్పున అదే చల్లదనానికి 6 నుంచి 9 శాతం ఎక్కువ కాలుతుంది. టన్నుకు 0.65 కిలోవాట్లు అనుకుంటే మీ 200 టన్నుల చిల్లర్ 130 కిలోవాట్లు లాగుతుంది. అందులో 8 శాతం అంటే 10 కిలోవాట్లకు పైనే. రోజుకు 20 గంటలు నడిస్తే నెలకు 6,000 యూనిట్లు దాటుతుంది. యాజమాన్యం ‘ఆయిల్ పోస్తే అయిపోయేదానికి ఇంత వెతుకుడెందుకు’ అంటే ఈ లెక్క ముందు పెట్టండి.

ఇంకో జాగ్రత్త. రిటర్న్ లైను బాగుచేసి నిండు లోడు మీద నడిపితే కొన్ని గంటల్లో ఎవాపరేటర్లోని ఆయిల్ తిరిగి రావడం మొదలవుతుంది. మీరు పోసిన 8 లీటర్లు కూడా దాంతోనే వస్తాయి. అప్పుడు గ్లాసు పొంగిపోతుంది. ఆ రోజు యంత్రం దగ్గర మనిషి ఉండాలి. లెవెల్ పై గీత దాటితే అదనపు ఆయిల్‌ను మూతగల పాత్రలోకి తీసి కొలిచి రాసుకోండి. మూత ఎందుకంటే అందులో కలిసిన గ్యాస్ ఒక్కసారిగా బుస్సున పొంగుతుంది.

ప్రశ్న: సైట్ గ్లాసు యంత్రం నడుస్తుండగా చూడాల్నా, ఆపి చూడాల్నా? మా దగ్గర ఒక్కొక్కరు ఒక్కో తీరు చెప్తున్నరు.
– చిట్యాల

జవాబు: నడుస్తుండగా, అదీ 75 శాతానికి పైన లోడు మీద కనీసం అరగంట నిలకడగా నడిచాక చూడాలి. రెండు గ్లాసులుంటే లెవెల్ వాటి మధ్య ఉండాలి. ఒక్కటే ఉంటే సగం దగ్గర. ఆపిన యంత్రంలో కనిపించే లెవెల్‌ను నమ్మి ఆయిల్ పోయవద్దు, తీయవద్దు.

ఇక్కడ మోసపోయే చోట్లు మూడున్నాయి. పూర్తిగా నిండిన గ్లాసూ, పూర్తిగా ఖాళీ అయిన గ్లాసూ చూపుకు ఒకేలా ఉంటాయి, రెంటిలోనూ గీత ఉండదు. టార్చి వేసి చూస్తే నిండిన గ్లాసులో లేత పసుపు వెలుతురులో సన్నటి బుడగలు కదులుతుంటాయి. ఖాళీ గ్లాసులో వెనక గోడ జిడ్డుగా మెరుస్తుంది. రెండోది, పాత గ్లాసు మీద గట్టిపడిన మరక గీతలా కనిపిస్తుంది. లోడు మారినా ఆ గీత కదలకపోతే అది మరకే. మూడోది నురగ. దాని సంగతి కింది జవాబులో ఉంది.

ప్రశ్న: ఆదివారం సెలవు. సోమవారం పొద్దున చిల్లర్ స్టార్ట్ చేస్తే గ్లాసు నిండా తెల్లటి నురగ. రెండు నిమిషాల్లో ఆయిల్ ట్రిప్. మూడు నాలుగుసార్లు రీసెట్ చేస్తే అప్పుడు నడుస్తది. మిగతా రోజులు ఏ తిప్పలూ లేదు.
– ఎలక్ట్రీషియన్, చౌటుప్పల్

జవాబు: శనివారం రాత్రి పోతూ మెయిన్ స్విచ్ దించేస్తున్నారా? అదే కారణం. మెయిన్‌తో పాటు యంత్రం ఆగి ఉన్నప్పుడు ఆయిల్ను వెచ్చగా ఉంచే ఆయిల్ హీటర్ కూడా ఆరిపోతోంది.

చల్లారిన ఆయిల్ గ్యాసును బాగా పీల్చుకుంటుంది. ఒకటిన్నర రోజు హీటర్ లేకుండా ఉంటే సెపరేటర్లో ఉండేది ఆయిల్ కాదు, ఆయిలూ గ్యాసూ కలిసిన పలచటి ద్రావణం. స్టార్ట్ చేసేటప్పటికి గ్లాసులో లెవెల్ నిండుగా, ఒక్కోసారి మామూలు కన్నా ఎక్కువగా కూడా కనిపిస్తుంది. లెవెల్ బాగుంది కదా అని స్టార్ట్ కొడతారు. ఒత్తిళ్లు మారగానే కలిసిన గ్యాస్ మరిగి నురగ అవుతుంది. ఆ నురగ సెపరేటర్ జాలీలను దాటి కండెన్సర్‌కు పోతుంది. బేరింగులకు నూనె బదులు నురగ చేరుతుంది. ట్రిప్ అవడం యంత్రం తనను తాను కాపాడుకోవడం. దాన్ని మూడు నాలుగుసార్లు రీసెట్ చేసి నడిపారంటే అన్నిసార్లూ బేరింగులు సరైన ఆయిల్ లేకుండా తిరిగాయి. దయచేసి ఆ పద్ధతి ఈ వారమే మానేయండి. రోటర్లు నిమిషానికి 2,900 చుట్లకు పైగా తిరుగుతాయి. వాటికి అరనిమిషం కూడా చాలా ఎక్కువ.

చేయాల్సింది కష్టమైనదేమీ కాదు. హీటర్‌కు వేరే ఎంసీబీ పెట్టి మెయిన్ ఐసొలేటర్‌కు ముందు నుంచి లైను ఇవ్వండి. కంప్రెషర్ నడిచేటప్పుడు హీటర్ ఆగేలా కాంటాక్టర్ ఆగ్జిలరీ ద్వారా కలపండి. ఆ ఎంసీబీ పక్కన ‘సెలవు రోజు కూడా ఆపవద్దు’ అని తెలుగులో పెద్దగా రాసిపెట్టండి. ప్యానెల్ లోపల రెండు చోట్ల నుంచి కరెంటు వస్తుంది కాబట్టి రిపేరు చేసేవాళ్లకు తెలిసేలా ఆ సంగతి కూడా రాయండి. ఇది ప్రాణాల విషయం.

హీటర్ పనిచేస్తోందా అన్నది క్లాంప్ మీటర్‌తో చూడండి. 200 వాట్ల హీటర్ 230 వోల్టుల మీద 0.87 యాంపియర్లు లాగాలి. సున్నా చూపిస్తే కాలిపోయింది. స్టార్ట్ చేసే ముందు ఆయిల్ చుట్టూ గాలి కన్నా కనీసం 15–20 డిగ్రీలు వెచ్చగా ఉండాలి. గది 25 ఉంటే ఆయిల్ 40–45. పూర్తిగా చల్లారిన యంత్రానికి ఆ వేడి రావడానికి 12 నుంచి 24 గంటలు పడుతుంది. గాలివానకు ఫీడర్ పోయి రాత్రంతా కరెంటు లేకపోయినా ఇదే లెక్క. రోజంతా వెలిగినా హీటర్ తినేది 4.8 యూనిట్లు. బేరింగు సెట్టు ఖరీదు ముందు అది లెక్కలోకే రాదు.

హీటర్ బాగున్నా నురగ వస్తుంటే డిశ్చార్జి నాన్ రిటర్న్ వాల్వు చూడండి. అది లీకైతే ఆపినప్పుడల్లా కండెన్సర్ గ్యాస్ వెనక్కొచ్చి సెపరేటర్లో ద్రవమై చేరుతుంది. ఇక నడుస్తున్న యంత్రంలోనే నురగ తగ్గకపోతే ఎవాపరేటర్ నుంచి ద్రవం కొట్టుకొస్తోందని అర్థం. దానికి గుర్తు డిశ్చార్జి ఉష్ణోగ్రత. ఆర్-134ఎ యంత్రాల్లో అది కండెన్సింగ్ ఉష్ణోగ్రత కన్నా 20 డిగ్రీల దాకా ఎక్కువ ఉండాలి. 40 దగ్గర కండెన్స్ అవుతూ డిశ్చార్జి 48 చూపుతుంటే మీ ఆయిల్లో గ్యాస్ కలిసి ఉంది. అప్పుడు లెవెల్ ఎంత కనిపించినా దానికి సత్తువ లేదు.

ప్రశ్న: డిసెంబర్, జనవరి వచ్చిందంటే తెల్లవారుజామున ‘ఆయిల్ డిఫరెన్షియల్’ అని చిల్లర్ ఆగిపోతది. లెవెల్ సరిగ్గానే ఉంటది. ఎండాకాలంలో ఒక్కసారి కూడా రాలేదు. చలికి చిల్లర్ ఆగుడేంది?
– షాద్‌నగర్

జవాబు: మీ యంత్రంలో ఆయిల్ పంపు లేదు. వాటర్ కూల్డ్ స్క్రూ చిల్లర్లలో చాలావాటికి ఉండదు. డిశ్చార్జి ఒత్తిడికీ సక్షన్ ఒత్తిడికీ ఉన్న తేడానే ఆయిల్‌ను తోస్తుంది. ఆ తేడా కండెన్సర్ను చల్లబరిచే కూలింగ్ టవర్ నీళ్ల మీద ఆధారపడి ఉంటుంది.

ఆర్-134ఎ లెక్క వేద్దాం. ఎండాకాలంలో టవర్ నీళ్లు 32 డిగ్రీలకు వస్తే గ్యాస్ 40 దగ్గర కండెన్స్ అవుతుంది. ఆ ఒత్తిడి సుమారు 10.2 బార్. ఎవాపరేటర్ 3 డిగ్రీల మీద 3.3 బార్. (రెండూ గాలి ఒత్తిడిని కలిపిన లెక్కలు.) తేడా దాదాపు 6.9 బార్. జనవరి తెల్లవారుజామున టవర్ నీళ్లు 18కి పడిపోతే కండెన్సింగ్ 25 దగ్గరికి దిగుతుంది, ఒత్తిడి 6.65 బార్. తేడా 3.4. అంటే ఆయిల్‌ను తోసే బలం సగానికి వచ్చింది. ఎంత తేడా ఉండాలన్నది యంత్రాన్ని బట్టి మారుతుంది. చాలావాటికి 3–4 బార్ల దగ్గరే హద్దు ఉంటుంది. మీ మాన్యువల్లో ఆ అంకె వెతకండి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. మీ ఆయిల్ ఫిల్టర్ మురికి పట్టి 1 బార్ తినేస్తోందనుకోండి. ఎండాకాలంలో 6.9లో 1 పోతే 5.9 మిగులుతుంది, ఎవరికీ తెలియదు. చలికాలంలో 3.4లో 1 పోతే 2.4, యంత్రం ఆగిపోతుంది. కాబట్టి ముందు ఫిల్టర్ మార్చండి. ఆ తర్వాత టవర్ ఫ్యానుకు థర్మోస్టాట్ పెట్టి నీళ్లు 22–24 డిగ్రీలకు రాగానే ఫ్యాను ఆగేలా చేయండి. అది చాలకపోతే కండెన్సర్ నీళ్ల లైనుకు బైపాస్ వాల్వు వేసి, నీళ్లు వేడెక్కేదాకా టవర్ మీదికి పోకుండా తిప్పాలి. స్టార్ట్ చేసేటప్పుడు ఫ్యానులు ఆపి ఉంచడం అన్నిటికన్నా సులువు.

ఆయిల్ డిఫరెన్షియల్ స్విచ్‌ను బైపాస్ చేయడం, దాని టైమర్ సెకన్లు పెంచడం మాత్రం చేయకండి. లెవెల్ బాగుంది కదా అని ఆయిల్ పోయడం కూడా దీనికి మందు కాదు.

ప్రశ్న: ఆసుపత్రి మేడ మీద 80 టన్నుల ఎయిర్ కూల్డ్ స్క్రూ చిల్లర్. ఏప్రిల్ నుంచి మధ్యాహ్నం లోడు 75 శాతం దాటి పోవట్లేదు, డిశ్చార్జి 95 దాకా వేడెక్కుతోంది. ఆయిల్ కొంచెం తక్కువున్నట్టు అనిపిస్తోంది. ఆయిల్ పోస్తే లోడు తీసుకుంటుందా?
– మిర్యాలగూడ

జవాబు: రెండు అంకెలు చూస్తే తేలిపోతుంది. డిశ్చార్జి ప్రెషర్‌కు సరిపడే కండెన్సింగ్ ఉష్ణోగ్రత ఎంత? ఆ సమయంలో కాయిల్‌కు తగిలే గాలి ఎంత? తేడా 12–15 డిగ్రీల్లో ఉంటే కండెన్సర్ బాగున్నట్టు. గాలి 42 ఉన్నప్పుడు కండెన్సింగ్ 55 అంటే సరే. 65 అంటే తప్పు కాయిల్‌ది.

మీది మిర్యాలగూడ. రైస్ మిల్లుల ఊక దుమ్ము, తవుడు, ఊక బూడిద గాల్లో తేలుతూ వచ్చి కాయిల్ రెక్కల మధ్య పొరలా అతుక్కుంటాయి. బయటి నుంచి శుభ్రంగా కనిపిస్తుంది, లోపలి వరసల్లో గాలి దూరదు. అందుకే మొదటి అనుమానం దాని మీదే. మెయిన్ ఆపి, తాళం వేసి, ఫ్యాను వైపు నుంచి బయటికి, అంటే గాలి వచ్చే దిక్కుకు ఎదురుగా, తక్కువ ఒత్తిడి నీళ్లతో కడగండి. బయటి నుంచి కొడితే దుమ్ము ఇంకా లోపలికి దిగుతుంది. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి. అల్యూమినియం రెక్కలకు యాసిడ్ వాడకూడదు. కోతల కాలంలో నెలకోసారి కడగాలి.

కండెన్సింగ్ సరిగ్గానే ఉండి డిశ్చార్జి ఒక్కటే వేడిగా ఉంటే, అప్పుడు ఆయిల్ సంగతి చూడాలి. ఆయిల్ తగ్గితే రోటర్ల సందులు సరిగ్గా మూసుకోవు. నొక్కిన వేడి గ్యాస్ వెనక్కి జారి మళ్లీ నొక్కబడుతుంది, ఇంకా వేడెక్కుతుంది. వేడెక్కిన ఆయిల్ పలచబడి సందులను ఇంకా తక్కువగా మూస్తుంది. ఇలా ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి. స్లైడ్ వాల్వును తోసే ఆయిల్ చాలక లోడు ఎక్కడం మందగిస్తుంది, లేదా ఎక్కుతూ దిగుతూ ఊగుతుంది. గ్యాస్ తక్కువై సక్షన్ సూపర్ హీట్ (ఆవిరయ్యాక గ్యాస్ ఇంకా అదనంగా వేడెక్కడం) పెరిగినా డిశ్చార్జి ఇలాగే వేడెక్కుతుంది, అది కూడా చూసుకోండి. మీ యంత్రం సరిగ్గా 75 దగ్గర ఆగిపోతోందంటే మాత్రం అది ఊగులాట కాదు. ఒత్తిడో వేడో హద్దు దగ్గరికి రాగానే కంట్రోలరే లోడును ఆపుతున్నట్టుంది. కడిగి చూడండి. ఆయిల్ డబ్బా ఇప్పుడే తెరవద్దు.

నల్లగొండ, దేవరకొండ వైపు నుంచి వాటర్ కూల్డ్ చిల్లర్ల గురించి ఇదే అడిగినవారికి: మీకు ఊక బదులు బోరు నీళ్ల సున్నం. కండెన్సర్ గొట్టాల్లో సున్నపు పొర పేరుకుంటే ఒత్తిడీ ఆయిల్ వేడీ కలిసే పెరుగుతాయి. టవర్‌కు సాఫ్ట్‌నర్ నీళ్లు, క్రమం తప్పని బ్లో డౌన్ (లవణాలతో చిక్కబడ్డ నీళ్లను వదిలేయడం), ఏడాదికోసారి గొట్టాల శుభ్రం – ఇవి లేకుండా ఆయిల్ ఎన్నిసార్లు మార్చినా అది తొందరగానే నల్లబడుతుంది.

ప్రశ్న: ఆయిల్ నిజంగానే తక్కువుందని తేలింది. పోసే సరైన పద్ధతి చెప్పండి. మా మెకానిక్ సక్షన్‌ను వాక్యూమ్‌లోకి దించి పైపును డబ్బాలో ముంచి లాగిస్తాడు.
– నాగర్‌కర్నూల్

జవాబు: ఆ పద్ధతి వద్దు. డబ్బా అడుగు అంటగానే ఆయిల్ వెంట గాలీ తేమా లోపలికి పోతాయి.

చేతి ఆయిల్ పంపు తెచ్చుకోండి. కంప్రెషర్ నేమ్ ప్లేటు మీదో మాన్యువల్లోనో ఉన్న గ్రేడు ఆయిలే తేవాలి. ఆర్-134ఎ యంత్రాల్లో ఉండేది పీఓఈ (పాలియోల్ ఎస్టర్ అనే సింథటిక్) ఆయిల్. అందులో 68, 120, 170, 220 అని చిక్కదనాలు వేరు. ‘పీఓఈ అయితే చాలు’ అనుకుని ఏదో ఒకటి పోస్తే సందులు మూసే బలం మారిపోతుంది. ఆర్-22 అనే పాత గ్యాస్ కాలం నాటి మినరల్ ఆయిల్ ఆర్-134ఎలో కలవదు, ఎవాపరేటర్లో విడిగా నిలిచిపోయి తిరిగి రాదు. పీఓఈ గాల్లోని తేమను ఆబగా పీలుస్తుంది. అందుకే ఇనుప డబ్బాల్లో వచ్చేదే కొనండి, పోసే నిమిషం ముందే మూత తీయండి, మిగిలింది దాచి వచ్చే ఏడు వాడదామనుకోకండి. చిన్న డబ్బాలు కొనడమే లాభం.

పంపు పైపును చార్జింగ్ వాల్వుకు వదులుగా పెట్టి, పంపు కొట్టి, పైపు చివర ఆయిల్ కారేదాకా గాలి పోనిచ్చి అప్పుడు బిగించండి. వాల్వు తెరిచి 1 లీటరు పంపండి. వాల్వు మూసి, నిండు లోడు మీద 15–20 నిమిషాలు నడిపి గ్లాసు చూడండి. చాలకపోతే ఇంకో లీటరు. పెద్ద యంత్రమైనా ఒక్కసారిగా 4–5 లీటర్లు పోయకండి. పోయడం సులువే, తీయడమే కష్టం. చివరికి తేదీ, రన్నింగ్ గంటలు, పోసిన లీటర్లు లాగ్ పుస్తకంలో రాయండి. పోసిందీ తీసిందీ కూడితే యంత్రంలో ఎంతుందో తెలుస్తుంది. గ్లాసు చెప్పలేనిది ఆ పుస్తకం చెబుతుంది.

ప్రశ్న: కోల్డ్ స్టోరేజీలో అమ్మోనియా స్క్రూ కంప్రెషర్. ఎవాపరేటర్ కింద ఆయిల్ పాట్ నుంచి వారానికోసారి ఆయిల్ తీస్తున్నం. దాన్ని వడగట్టి మళ్లీ కంప్రెషర్‌లో పోయొచ్చా?
– మహబూబ్‌నగర్

జవాబు: పోయకూడదు. అందులో నీళ్లు, తుప్పు, బురద ఉంటాయి. గుడ్డతో వడగడితే అవి పోవు.

అమ్మోనియాలో ఆయిల్ కలవదు, పైగా దానికన్నా బరువు. అందుకే పాత్ర అడుగుకు దిగుతుంది, మీరు పాట్ నుంచి తీయగలుగుతున్నారు. కానీ వారం వారం తీసేటంత ఎందుకు వస్తోందన్నదే అసలు ప్రశ్న. మీ సెపరేటర్‌కు రెండో భాగంలో కొయలెసర్ ఎలిమెంట్లు (సన్నటి ఆయిల్ తుంపరను పెద్ద చుక్కలుగా కలిపి పట్టే వడపోతలు) ఉంటాయి. ఆ భాగానికి విడిగా చిన్న సైట్ గ్లాసు ఉంటే అందులో ఆయిల్ నిలవకూడదు. నిలిచిందంటే అక్కడి నుంచి సక్షన్‌కు పోయే సన్నటి రిటర్న్ లైను జాలీ మూసుకుపోయింది. దాన్ని శుభ్రం చేస్తే చాలావరకు సమస్య తీరుతుంది. అప్పటికీ తగ్గకపోతే ఎలిమెంట్లు మార్చాలి. ఆయిల్ కూలర్ సరిగ్గా పనిచేయక డిశ్చార్జి వేడెక్కినా ఆయిల్ ఆవిరై గ్యాసులో కలిసిపోతుంది. ఆవిరిని ఏ ఎలిమెంటూ పట్టలేదు.

పాట్ నుంచి తీసేటప్పుడు జాగ్రత్తలు: మామూలు వాల్వు తర్వాత, చెయ్యి వదలగానే దానంతటదే మూసుకునే స్ప్రింగ్ వాల్వు కచ్చితంగా ఉండాలి. ముఖానికి అమ్మోనియా మాస్కు, చేతులకు గ్లోవ్సు, తలుపులు బార్లా తెరిచి, పక్కన రెండో మనిషి. ఆయిల్ కారుతుంటే వదిలేసి ఇంకో పనికి పోవడం ఎన్నటికీ చేయకూడదు. ఆయిల్ అయిపోయిన మరుక్షణం వచ్చేది ద్రవ అమ్మోనియా.

ప్రశ్న: ఆయిల్ తక్కువైతే నష్టమని మా సార్లు చెప్పిన్రు. ఎక్కువైతే ఏమైతది? కొంచెం ఎక్కువుంటే మంచిదే కదా?
– ఐటీఐ విద్యార్థి, వనపర్తి

జవాబు: మంచిది కాదు తమ్ముడూ. సెపరేటర్లో ఆయిల్ మీద ఉండే ఖాళీ జాగా వృథా అనుకోవద్దు. డిశ్చార్జి గ్యాస్ అక్కడికి రాగానే దాని వేగం తగ్గుతుంది, ఆయిల్ చుక్కలు కింద రాలతాయి. ఆయిల్ లెవెల్ పెరిగితే ఆ జాగా కుంచించుకుపోతుంది, గ్యాస్ వేగంగా దూసుకుపోతూ చుక్కలను వెంట తీసుకెళ్తుంది. లెవెల్ జాలీని తాకితే ఆయిల్ ధారగానే పోతుంది. అది కండెన్సర్‌లో, ఎవాపరేటర్‌లో గొట్టాల మీద పొరలా పరుచుకుంటుంది, చల్లదనం తగ్గుతుంది. చివరికి సెపరేటర్లో లెవెల్ పడిపోయి ‘ఆయిల్ తక్కువ’ అనే ట్రిప్ వస్తుంది. ఎక్కువ పోసిన యంత్రమే తక్కువ ఉందని ఆగిపోతుంది. అది చూసి ఇంకా పోస్తారు.

ఇంకోటి. ఆయిల్ లెక్కకు మించి రోటర్ల మధ్యకు వస్తే దాన్ని తిప్పడానికే మోటరు బలం ఖర్చవుతుంది, యాంపియర్లు పెరుగుతాయి. ఆగి ఉన్నప్పుడు రోటర్ గదిలో ఆయిల్ నిండితే స్టార్ట్ చేసిన క్షణంలో అది గ్యాసులా నలగదు, ద్రవాన్ని నొక్కడం కుదరదు. ఆ దెబ్బ బేరింగుల మీద పడుతుంది.

నువ్వు అప్రెంటిస్‌గా చిల్లర్ ప్లాంటుకు పోయినప్పుడు మొదటి రోజు నుంచే ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకో. లోడు శాతం, సక్షన్, డిశ్చార్జి ప్రెషర్లు, డిశ్చార్జి ఉష్ణోగ్రత, ఆయిల్ ఫిల్టర్ ముందూ వెనకా ఒత్తిడి, గ్లాసులో లెవెల్ – ఈ ఆరు రోజూ ఒకే వేళకు, ఒకే లోడు దగ్గర రాయి. లెవెల్ గీతను మాటల్లో రాయకు, గ్లాసు బొమ్మ వేసి గీత పెట్టు. నురగ ఉంటే చుక్కలు పెట్టు.